ఆఫీసువాళ్ళకి పండగ కానుక: ఇంట్లో బేక్ చేసి ఇవ్వాలంటే ఏది చేయాలి?

పండగ సెలవులు దగ్గరపడగానే ఆఫీసులో తోటివాళ్ళకి ఏదో ఒకటి ఇవ్వాలనిపిస్తుంది. ఇరవై మందికి తలా ఒక వస్తువు కొనాలంటే జేబుకి చిల్లు పడుతుంది, పైగా ఎవరికి ఏది నచ్చుతుందో తెలీదు. ఇంట్లో బేక్ చేసి ఇస్తే ఈ రెండు బాధలూ ఉండవు. మైదా, పంచదార, వెన్న లాంటి మామూలు సరుకులతో పని జరిగిపోతుంది. తిన్నాక ఇంట్లో ఓ మూల పడి ఉండే వస్తువూ మిగలదు.

కానీ ఏం చేయాలో ఎంచుకునేటప్పుడు చాలామంది ఓవెన్‌లోంచి తీసిన వెంటనే ఏది బాగుంటుందో అదే చూస్తారు. ఆఫీసువాళ్ళు దాన్ని వేడివేడిగా తినరు కదా. మీరు ఆదివారం చేస్తారు, సోమవారం పట్టుకెళ్తారు. కొందరు అక్కడే తింటారు, కొందరు ఇంటికి తీసుకెళ్ళి మంగళవారమో బుధవారమో విప్పుతారు. అందుకే నేను ముందుగా చూసేది మూడో రోజు అది ఎలా ఉంటుందని. ఆ ఒక్క ప్రశ్న వేసుకుంటే సగం రకాలు వాటంతటవే పక్కకి పోతాయి. మిగిలిన సగంలో ఏది చేయాలో మీ ఓవెన్ సైజు చెబుతుంది.

ముందు ట్రేలు లెక్కపెట్టండి

24 మంది ఉన్నారనుకుందాం. తలా నాలుగు కుకీలంటే 96. ఇళ్ళలో ఉండే మామూలు ఓవెన్ ట్రేలో ఎడంగా పేరిస్తే పన్నెండు పడతాయి. అంటే ఎనిమిది ట్రేలు. ఒక్కో ట్రేకి పావుగంట వేసుకున్నా రెండు గంటలు అక్కడే నిలబడాలి. వేడి ట్రే మీద పచ్చి పిండి పెడితే వెన్న ముందే కరిగి కుకీలు పలచగా పరుచుకుపోతాయి కాబట్టి ప్రతిసారీ ట్రే చల్లారేదాకా ఆగాలి. పిండి కలపడం, ఉండలు చేయడం, గిన్నెలు కడగడం కలుపుకుంటే ఒక పూట అంతా పోతుంది.

అదే 24 మందికి బ్రౌనీలైతే 23 సెంటీమీటర్ల వెడల్పు, 33 సెంటీమీటర్ల పొడవు ఉన్న పాన్ ఒక్కటి చాలు. అరగంట ఓవెన్‌లో పెట్టి, చల్లారాక పొడవు వైపు ఆరు, వెడల్పు వైపు నాలుగు వచ్చేలా కోస్తే సరిగ్గా 24 ముక్కలు. ఒక్కోటి దాదాపు ఐదున్నర సెంటీమీటర్ల చదరం, ఒక మనిషికి సరిపోతుంది. చల్లారే సమయం తీసేస్తే పనంతా కలిపి గంటన్నరలోపే.

ఉద్యోగం చేసుకుంటూ వారం మధ్యలో రాత్రిపూట బేక్ చేసేవాళ్ళకి ఈ తేడా చాలా పెద్దది. అందుకే పదిమంది దాటితే విడివిడిగా ఉండలు చేసి పేర్చాల్సినవి వద్దంటాను. ఒకే పాన్‌లో పోసి కోసేవి, లేదా పొడవాటి దిమ్మలా బేక్ చేసి ముక్కలు కోసేవి ఎంచుకోండి.

షార్ట్‌బ్రెడ్: నా ఓటు దీనికే

షార్ట్‌బ్రెడ్ అంటే నోట్లో కరిగే వెన్న బిస్కెట్. దీనికి కావలసినవి మూడే: పంచదార ఒక వంతు, వెన్న రెండు వంతులు, మైదా మూడు వంతులు, అన్నీ తూకంలో. 85 గ్రాముల పంచదార, 165 గ్రాముల వెన్న, 250 గ్రాముల మైదా, చిటికెడు ఉప్పు కలిపితే అరకిలో పిండి వస్తుంది. గుడ్డు లేదు, పాలు లేవు, బేకింగ్ పౌడర్ లేదు. వెన్నలో ఉండే కాస్త నీరు కూడా ఓవెన్‌లో చాలావరకు ఆవిరైపోతుంది. చెమ్మ లేదు కాబట్టి గాలి చొరబడని డబ్బాలో రెండు వారాలు హాయిగా నిలవుంటుంది. మూడో రోజుకి రుచి తగ్గకపోగా వెన్న కమ్మదనం ఇంకా బాగా తెలుస్తుంది. అందరూ కుకీల్లా గుండ్రంగా కోస్తారు గానీ ఆ శ్రమ అక్కర్లేదు. ఆ అరకిలో పిండిని 20 సెంటీమీటర్ల చదరపు పాన్‌లో బటర్ పేపర్ పరిచి అరచేత్తో సమంగా అదమండి. ఒక సెంటీమీటరుకి కొంచెం పైన మందం వస్తుంది. ఫోర్కుతో అక్కడక్కడ పొడిచి, 160 డిగ్రీల దగ్గర ముప్పావుగంట ఉంచండి. అంచులు లేత బంగారు రంగులోకి రావాలి, మధ్యభాగం వెలిసిన పసుపులో ఉండాలి, అంతే. తీసిన వెంటనే ఇంకా మెత్తగా ఉంటుంది. అప్పుడే కత్తితో ఒక వైపు నాలుగు, ఇంకో వైపు ఎనిమిది వచ్చేలా అడుగుదాకా కోసేయాలి. చల్లారాక కోస్తే పగిలి పొడి పొడవుతుంది. కోశాక పాన్‌లోనే పూర్తిగా చల్లారనిస్తే 32 ముక్కలు అంచు చెదరకుండా వస్తాయి. తలా నాలుగు చొప్పున ఎనిమిది మందికి ఒక పాన్.

దీని లోటు కూడా వెన్నే. రుచి అంతా దానిదే కాబట్టి మార్జరిన్ వేసి ఖర్చు తగ్గిద్దామంటే మొదటి కొరుకులోనే తెలిసిపోతుంది. ఇరవై నాలుగు మందికి అరకిలో వెన్న పడుతుంది. వెన్నకి ఖర్చు పెట్టడం ఇష్టం లేకపోతే షార్ట్‌బ్రెడ్ చేయకండి, ఇంకొకటి చేయండి.

గుడ్డు తినేవాళ్ళు, తిననివాళ్ళు కలిసి ఉన్న ఆఫీసులో మాత్రం దీనికి సాటి లేదు. ఎవరికీ విడిగా చేయనక్కర్లేదు, గుడ్డు తింటారా అని ఎవరినీ అడగనక్కర్లేదు.

బిస్కోటీ: దూరం పంపాలన్నా, ఖర్చు తగ్గాలన్నా

బిస్కోటీ రెండుసార్లు బేక్ అవుతుంది. మొదటిసారి దిమ్మలా, రెండోసారి ముక్కలుగా. రెండో బేకింగ్‌లో చెమ్మంతా పోతుంది. పాతకాలంలో నావికులు నెలల తరబడి సాగే ప్రయాణాలకి ఇలా ఎండబెట్టిన రొట్టెలే పట్టుకెళ్ళేవాళ్ళు. మంచి డబ్బాలో పెడితే బిస్కోటీ దాదాపు నెల రోజులు కరకరలాడుతూనే ఉంటుంది. అసలు పద్ధతిలో వెన్న ఉండదు లేదా చాలా తక్కువ. గుడ్లు, పంచదార, మైదా, కాసిని బాదం పప్పులు, అంతే. అందుకే మనిషికి పడే ఖర్చు చూస్తే పప్పులున్నా షార్ట్‌బ్రెడ్ కన్నా తేలిక.

కొత్తగా చేసేవాళ్ళు తడబడేది కోసే దగ్గర. దిమ్మ 175 డిగ్రీల దగ్గర పాతిక ముప్పై నిమిషాలు బేక్ అయ్యాక, బయట పదిహేను నిమిషాలు ఆగాలి. మరీ వేడిగా ఉంటే కత్తికి అంటుకుని నలుగుతుంది, పూర్తిగా చల్లారితే పప్పు ఉన్న చోట పుటుక్కున విరుగుతుంది. చేతికి గోరువెచ్చగా తగిలేటప్పుడు రంపపు పళ్ళున్న బ్రెడ్ కత్తితో, కిందికి అదమకుండా ముందుకీ వెనక్కీ నెమ్మదిగా లాగుతూ ఏటవాలుగా కోయండి. మందం ఒకటిన్నర సెంటీమీటర్లు. పప్పు కూడా ముక్కతోపాటు తెగి తెల్లగా కనిపిస్తే కోత కుదిరినట్టే. తర్వాత 150 డిగ్రీల దగ్గర ఒక్కో వైపు పది నిమిషాలు. ముక్కలు ఇప్పుడు పరుచుకోవు కాబట్టి దగ్గర దగ్గరగా పేర్చొచ్చు, రెండు దిమ్మల ముక్కలూ ఒకే ట్రేలో పడతాయి.

గట్టిగా ఉంటుంది. పళ్ళ ఇబ్బంది ఉన్నవాళ్ళకి ఇది కానుక కాదు, కష్టం. టీలోనో కాఫీలోనో ముంచుకు తినమని చీటీ మీద ఒక మాట రాయండి, ఎందుకంటే ముంచాలని తెలియనివాళ్ళు చెడిపోయిందనుకునే ప్రమాదం ఉంది. ఇంటి నుంచి పనిచేసే కొలీగ్స్‌కి పార్శిల్ పంపాలంటే మాత్రం నేను వేరే దేని గురించీ ఆలోచించను.

బ్రౌనీలు: తక్కువ పని, ఎక్కువ మెప్పు

అందరికీ నచ్చుతాయి, ఒకే పాన్‌లో అయిపోతాయి. మూడు నాలుగు రోజులు బయట బాగానే ఉంటాయి, కోసిన అంచులు గాలికి ఎండకుండా చూసుకుంటే. ఒక్కో ముక్కని విడిగా బటర్ పేపర్‌లో చుట్టడం అందుకే, అందం కోసం కాదు. ముందే చేసుకోవాలంటే కోయకుండా మొత్తం దిమ్మని గట్టిగా చుట్టి ఫ్రీజర్‌లో పెట్టండి. రెండు నెలలైనా రుచి పెద్దగా మారదు. ఇచ్చే ముందు రోజు రాత్రి తీసి, చుట్టిన కవరు విప్పకుండానే బయట పెడితే చెమ్మ కవరు మీదే పడుతుంది, బ్రౌనీ మీద పడదు.

చాక్లెట్ కరిగించి చేసేవాటికన్నా కోకో పౌడర్‌తో చేసేవి చవకగా వస్తాయి, అవి ఏ మాత్రం తక్కువ రకం కావు. టూత్‌పిక్ గుచ్చితే పచ్చి పిండి అంటకూడదు, కానీ తడి రేణువులు నాలుగు అంటుకోవాలి. శుభ్రంగా వచ్చిందంటే అప్పటికే ఎక్కువ ఉడికింది, మూడో రోజుకి పొడిగా అయిపోతుంది. ఇంకో మాట: ఫ్రిజ్‌లో గంటసేపు పెట్టి, వేడినీళ్ళలో ముంచి తుడిచిన కత్తితో కోస్తే అంచులు గీత గీసినట్టు వస్తాయి. ప్రతి కోతకీ కత్తి తుడవాలి.

మిగతావాటి సంగతి

చాక్లెట్ చిప్ కుకీలు అందరికీ ముందుగా గుర్తొచ్చేవి. మొదటి రోజు వాటికి తిరుగులేదు. అంచు కరకర, మధ్య మెత్తన, ఆ తేడాలోనే వాటి అందం ఉంది. మూడో రోజుకి ఆ తేడా పోతుంది. అరడజను మంది ఉన్న చిన్న టీమ్ అయితే పిండి ఉండలు ముందే ఫ్రీజర్‌లో దాచుకుని, ఇచ్చే ముందు రాత్రి బేక్ చేయండి, బాగుంటాయి. పాతిక మందికైతే వద్దు.

బనానా బ్రెడ్ లాంటి, పొడవాటి దిమ్మలా వచ్చే లోఫ్ కేకులకి ఒక మంచి గుణం ఉంది, రెండో రోజే ఎక్కువ బాగుంటాయి. చెమ్మ లోపలంతా సర్దుకుని ముక్క విడిపోకుండా కోతకి వస్తుంది. ఆ చెమ్మే నాలుగో రోజుకి బూజు తెస్తుంది, గది వెచ్చగా ఉంటే ఇంకా ముందే. ఒక లోఫ్‌కి పది పన్నెండు ముక్కలు వస్తాయి. అందరూ కూర్చునే చోట పెట్టడానికి సరిగ్గా సరిపోతుంది. విడివిడిగా పంచాలంటే కోసిన ముక్కలు త్వరగా ఎండిపోతాయి కాబట్టి, బాగా దగ్గరైన ముగ్గురు నలుగురికి చిన్న లోఫ్‌లు చేసివ్వడమే మేలు.

మఫిన్లు, కప్‌కేకులు ఈ పనికి వద్దు. మఫిన్ పైభాగం మర్నాటికే బంకగా అవుతుంది. కప్‌కేకుల ఐసింగ్ బస్సులోనో బైకు మీదో చెక్కుచెదరకుండా ఆఫీసు చేరడం కష్టం. క్రీమ్ చీజ్, విప్డ్ క్రీమ్, కస్టర్డ్ ఉన్నవి బయట రెండు గంటలకి మించి ఉంచకూడదు. ఆఫీసు ఫ్రిజ్‌లో అన్ని డబ్బాలకి చోటు దొరకదు.

గ్రనోలా గురించి ఎవరూ ఆలోచించరు, ఆలోచించాలి. ఓట్స్, బాదం, జీడిపప్పు లాంటి పప్పులు, కాస్త నూనె, తేనె కలిపి ఒక ట్రేలో పరిచి 150 డిగ్రీల దగ్గర అరగంటకి పైగా ఉంచి, మధ్యలో ఒకసారి కలియబెడితే చాలు. రెండు మూడు వారాలు నిలవుంటుంది. పండగ హడావిడి అయ్యాక కూడా ఉదయం టిఫిన్‌కి పనికొస్తుంది. పప్పులు, సీసాలు కలిస్తే మాత్రం అన్నిటికన్నా ఖరీదైనది ఇదే కావచ్చు. తేనె వేస్తే ఆ మాట చీటీ మీద రాయండి, ఏడాది నిండని పిల్లలకి తేనె పెట్టకూడదు.

ఇక ఉప్పటివి. చీజ్, మిరియాలు వేసిన కరకరలాడే బిస్కెట్లు. ఆ వారమంతా ఎవరి బల్ల మీద చూసినా తీపే ఉంటుంది, తీపి మొహం మొత్తినవాళ్ళు వీటికోసం వెతుక్కుంటారు. షార్ట్‌బ్రెడ్ చేసినట్టే చేయొచ్చు, పంచదార బదులు తురిమిన గట్టి చీజ్. వారం రోజులు ఉంటాయి. తీపి తినని మనిషి ఒక్కరున్నా ఒక పాన్ ఇది చేయమంటాను.

ఏ రకం చేసినా ఒక సంగతి మరచిపోవద్దు. కరకరలాడేవీ మెత్తనివీ ఒకే డబ్బాలో పెట్టకూడదు. చెమ్మ మెత్తటి వాటిలోంచి పొడి వాటిలోకి పాకుతుంది. రాత్రి బ్రౌనీల పక్కన పెట్టిన బిస్కోటీ తెల్లారేసరికి మెత్తబడిపోతుంది. నాలుగు రకాలతో ముచ్చటైన పెట్టె ఇవ్వాలని ఉంటే నాలుగూ పొడి రకాలే ఎంచుకోండి. నిజానికి ఒక్క రకం బాగా చేసి ఇవ్వడమే నాకిష్టం.

ఎవరు ఏం తినరో

అందరినీ ఒక్కొక్కరినీ అడగనక్కర్లేదు, కానీ అలర్జీ ఉన్నవాళ్ళు ఎవరో తెలుసుకోవాలి. వేరుశనగ, జీడిపప్పు, బాదం, అక్రోట్, నువ్వులు, గుడ్డు, పాలు, గోధుమ, సోయా, ఎక్కువగా ఇబ్బంది పెట్టేవి ఇవే. పప్పుల అలర్జీ ఉన్న మనిషికి పప్పు లేని ముక్క ఏరి ఇస్తే సరిపోదు. అదే గిన్నె, అదే కత్తి, అదే ట్రే కాబట్టి రేణువులు చేరతాయి. అలాంటివాళ్ళు టీమ్‌లో ఉంటే ఆసారి మొత్తానికి పప్పులు మానేయండి. సీలియాక్ (గోధుమలో ఉండే గ్లూటెన్ పడని జబ్బు) ఉన్నవాళ్ళకి రోజూ మైదా ఎగిరే వంటింట్లో చేసింది ఇవ్వొద్దు, మైదా వేయకపోయినా సరే. వాళ్ళకి పళ్ళో, సీలు విప్పని ప్యాకెట్టో ఇస్తే మీ శ్రద్ధ ఎక్కువగా తెలుస్తుంది.

షుగర్ ఉన్నవాళ్ళ కోసం ‘పంచదార లేని కేకు’ చేయాలని చాలామంది తాపత్రయపడతారు. మైదా కూడా రక్తంలో చక్కెర పెంచుతుంది, కాబట్టి పంచదార తీసేసినంత మాత్రాన అది వాళ్ళకి సురక్షితం కాదు. వేయించిన పప్పులు ఒక చిన్న పొట్లం కట్టివ్వడం మేలు. రమ్‌లో నానబెట్టిన పళ్ళు వేస్తే తప్పకుండా చెప్పాలి, బేక్ చేసినా ఆల్కహాల్ పూర్తిగా పోదు. మార్ష్‌మాలోల్లో సాధారణంగా జంతువుల నుంచి తీసే జెలటిన్ ఉంటుంది, శాకాహారులకి పనికిరాదు.

ప్రతి పొట్లం మీదా చిన్న చీటీ ఉండాలి: పేరు, వాడిన సరుకులన్నీ, చేసిన తేదీ, ఎన్నాళ్ళలో తినాలి. ఇది నేను ఎప్పుడూ వదలను. చీటీ ఉంటే మొహమాటం కొద్దీ అడగలేనివాళ్ళు కూడా చదువుకుని నిశ్చింతగా తింటారు. ఎవరైనా తినకపోతే నొచ్చుకోవద్దు. వేరేవాళ్ళ ఇంట్లో వండినవి తినని అలవాటు కొందరికి ఉంటుంది, అది మీ మీద అపనమ్మకం కాదు. మీకే వాంతులు, విరేచనాలు అయ్యుంటే మాత్రం తగ్గాక కనీసం 48 గంటలు గడిచేదాకా ఎవరి కోసమూ వండకండి.

అందరికీ ఒక పళ్ళెమా, ఎవరి పొట్లం వాళ్ళకా

పదిమంది లోపు టీమ్ అయితే పొట్లాలు కట్టండి. పేరు రాసి బల్ల మీద పెట్టిన పొట్లం ఇచ్చే సంతోషం పళ్ళెం ఇవ్వలేదు. అంతకు మించితే, లేదా ఎవరెవరికి ఇవ్వాలో గీత గీయడం కష్టమైతే, అందరూ టీ తాగే చోట ఒక పెద్ద డబ్బా పెట్టి పైన చీటీ అంటించండి. పక్క టీమ్ వాళ్ళు, శుభ్రం చేసేవాళ్ళు, సెక్యూరిటీవాళ్ళు, ఎవరూ బయట మిగలరు. పక్కన పట్టకారు గానీ పేపర్ న్యాప్‌కిన్లు గానీ పెడితే అందరి చేతులూ డబ్బాలో పడవు. పళ్ళెంలో ఉన్నది అదే రోజు అయిపోతుంది కాబట్టి లోఫ్ కేకుకి కూడా ఇక్కడ చోటుంది.

మేనేజరుకి కూడా అందరికీ ఇచ్చిందే, అంతే ఇవ్వండి. పెద్ద పెట్టె ఇస్తే ఆయనకో ఆవిడకో ఇబ్బంది, చూసేవాళ్ళకి వేరే అర్థం.

ఖర్చు ఎక్కడ పెరుగుతుందో చూసుకోండి. మైదా, పంచదార లెక్కలోకి రావు. వెన్న, పప్పులు, చాక్లెట్ అసలు ఖర్చు. వీటన్నిటికన్నా ఎక్కువ మింగేది ప్యాకింగ్. రిబ్బన్లు, రంగుల రేకు డబ్బాలు, గాజు సీసాలు కొనడం మొదలుపెడితే లోపలున్న దానికన్నా పైన ఉన్నది ఖరీదవుతుంది. ఆహారానికి పనికొచ్చే పారదర్శకపు కవర్లు, బటర్ పేపర్, నూలు దారం చాలు. ఇంట్లో ఉన్న జామ్ సీసాలు వేడినీళ్ళతో కడిగి బాగా ఆరబెట్టి గ్రనోలాకి వాడుకోవచ్చు.

ప్యాక్ చేసేముందు పూర్తిగా చల్లారాలి. చేతికి చల్లగా తగిలినా లడ్డంత మందమున్న వాటి మధ్యలో వేడి మిగిలే ఉంటుంది. అది కవరు లోపల ఆవిరై, నీటి బొట్లై, కరకరలాడాల్సినదాన్ని నానబెడుతుంది. రెండు గంటలు జాలీ మీద ఉంచితే భయం లేదు.

ఇక ఇచ్చే రోజు. సెలవులకి ముందు చివరి రోజున ఇవ్వాలని అందరూ అనుకుంటారు. ఆరోజు సగం కుర్చీలు ఖాళీగా ఉంటాయి, ఉన్నవాళ్ళ బల్లల మీద అప్పటికే నాలుగు డబ్బాలు చేరి ఉంటాయి. మూడు నాలుగు రోజుల ముందు, వారం మధ్యలో ఇవ్వండి. పార్శిల్ పంపాల్సినవాళ్ళకి ఇంకో వారం ముందే పంపండి. అప్పుడు కుదరలేదా, సెలవులు అయ్యాక మొదటి వారంలో ఇవ్వండి. ఆ వారం ఎవరి బల్ల మీదా ఏమీ ఉండదు, మీ డబ్బా మధ్యాహ్నానికల్లా ఖాళీ అవుతుంది.